మూడో బెజ్జం

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే దోవలో, ఒక చెరువు కట్ట దిగువన, యానాదుల గూడెం ఉండేది. పొద్దు గూకే వేళకు ఆ గూడెంలో సందడే సందడి. మనుషుల సందడి కాదు, పిలుపుల సందడి. చేపలకు పోయిన మగవాళ్ళు, చేలకు కావలి కాసినవాళ్ళు, తేనెకు కొండెక్కినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు కట్ట మీదికి చేరి, మొలలోని పిల్లంగోవి తీసి తమ పిలుపు ఊదేవాళ్ళు. పిలుపంటే పాట కాదు, మూడు నాలుగు ఊపిర్లలో అయిపోయే చిన్న వరస. పెళ్ళినాడు మామ చేతి నుంచి గోవి అందుకున్న మగవాడు తన వరస తానే కట్టుకుంటాడు. ఇక చచ్చేదాకా అదే. కింద గుడిసెలో ఆడమనిషి తన మొగుడి పిలుపు విని, పొయ్యిలో చితుకులు ఎగదోసి ఎసరు పెడుతుంది. పక్కవాడి పిలుపుకు పొయ్యి రాజేసిన ఆడదీ, పక్కవాడి పిలుపు ఊదిన మగాడూ ఆ గూడెంలో లేరు. ఉన్నారని ఎవరైనా చెప్పినా నేను నమ్మను.

మగవాడు చనిపోతే గుంత దగ్గర కులపెద్ద ఎదుట అతని గోవి మీద అతని పిలుపు ఆఖరుసారి ఊదిస్తారు. తర్వాత గోవిని నిలువునా చీల్చి మట్టిలో వేస్తారు. పిలుపు ఆగిపోయింది అంటారు. అప్పటికి గానీ పెళ్ళాం విధవ కాదు, విధవ అయితే గానీ మారుమనువుకు వీల్లేదు. ఆగిపోయిన పిలుపును మళ్ళీ ఎవరూ ఊదకూడదు. పట్నం వాళ్ళకు ఇదంతా నవ్వులాటగా ఉంటే ఉండొచ్చు. పసుపుతాడు తెంచితే విధవ అవుతుందని నమ్మేవాళ్ళకు ఇందులో నవ్వడానికి ఏముందో నాకైతే తెలియదు.

మాలకొండమ్మ కష్టమంతా ఆ గోవి దగ్గరే వచ్చింది. ఆమె మొగుడు పోలేరయ్య, తెల్లవాళ్ళు దేశం వదిలిపోయిన మరుసటేడు, తుంగభద్ర ఆనకట్ట పనికి మనుషుల్ని తోలుకుపోయే మేస్త్రి వెంట పోయాడు. గోవిని మొలలో దోపుకునే పోయాడు. కూడా పోయినవాళ్ళు తిరిగొచ్చారు గానీ పోలేరయ్య రాలేదు. వేరే గుంపులో కలిశాడని ఒకరన్నారు, జ్వరం తగిలిందని ఒకరన్నారు. ఎవరూ కళ్ళతో చూసింది లేదు. మనిషీ లేడు, శవమూ లేదు, చీల్చడానికి గోవీ లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని ఆత్మకూరులో టపాకాయలు కాల్చేనాటికి కూడా మాలకొండమ్మ అటు పెళ్ళామూ కాక, ఇటు విధవా కాక మధ్యలో ఉండిపోయింది.

పగలు ఎట్లాగో గడిచేది. రైతుల చేలల్లో కలుపు తీసేది, నాట్లు వేసేది. పొద్దు వాలిందంటే మాత్రం గడిచేది కాదు. పొయ్యిలో చితుకులు పేర్చుకుని గుమ్మానికి దగ్గరగా కూర్చునేది. కట్ట మీద నుంచి ఒక పిలుపు వచ్చేది, ఒక గుడిసె మీద పొగ లేచేది. ఇంకో పిలుపు, ఇంకో పొగ. అందరి ఇళ్ళ మీదా పొగ లేచాక కట్ట ఊరుకునేది. ఆ తర్వాత కూడా ఆమె ఇంకాసేపు కూర్చుని, ఇక తప్పదని తన నిప్పు తానే రాజేసుకునేది. ఎవరూ పిలవకుండా వెలిగించిన పొయ్యి మీద వండుకున్న అన్నం ఆమెకు ఏనాడూ గొంతు దిగలేదు.

ఆమె ఎదురుచూసే పిలుపు అందరి పిలుపుల్లాంటిది కాదు. దాని వెనక ఒక తగువుంది.

ఆ గూడెంలో గోవులు చేసే ఇల్లు ఒక్కటే, రోశయ్య వాళ్ళది. తాత చేశాడు, తండ్రి చేశాడు, రోశయ్య వాళ్ళిద్దరి కంటే బాగా చేసేవాడు. మాలకొండమ్మకు అతను వరసకు మేనమామ కొడుకు. పిల్లను వాళ్ళకే ఇస్తారని రెండు వైపులా అనుకున్నారు. చివరికి మాలకొండమ్మ తండ్రి మనసు మార్చుకుని పోలేరయ్యకు ఇచ్చాడు. ఇచ్చాక, అల్లుడికి పెట్టాల్సిన గోవి చేసిపెట్టమని రోశయ్య ఇంటికి పోవడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. తానే వెదురు కోసి, ఇనుప చువ్వ కాల్చి, తానే బెజ్జాలు వేశాడు. మొదటి రెండూ కుదిరాయి. మూడోది వేసేటప్పుడు చువ్వ మరీ ఎర్రబడి పక్కకు జారింది. బెజ్జం వంకరపోయింది, అంచున వెదురు సన్నగా బీటిచ్చింది. దాంతో పోలేరయ్య పిలుపు ఊదినప్పుడల్లా మూడో సొరం దగ్గర గోవి ముక్కు చీదినట్టు చీదేది. పోలేరయ్యకు పడిశం పట్టిందని గూడెమంతా నవ్వేది.

రోశయ్యకు ఆ చీదుడు వింటే ఒళ్ళు మండేది. చేతగాని చేతుల్లో పడ్డ వెదురు అని బాధ. పిల్ల కూడా ఆ గోవి వెంటే పోయిందన్న బాధ వేరే. ఒకసారి పోలేరయ్యతో అన్నాడు.

"ఇట్టియ్యిరా. ఒక్క పూటలో సరిచేసి ఇస్తాను."

పోలేరయ్య గోవిని మొలలోకి తోసుకున్నాడు. "వద్దులేరా. మా ఆడది దీనికి అలవాటు పడిపోయింది. సరిచేస్తే ఇంకెవడో వచ్చినాడనుకుంటాది" అని నవ్వాడు.

తర్వాత రోశయ్యకు చెంచులక్ష్మితో పెళ్ళయింది. పొందికగానే ఉన్నారు. పోలేరయ్య ఆనకట్టకు పోయిన ఏడాదికే చెంచులక్ష్మి విషజ్వరంతో పోయింది. పెళ్ళాం పోయిన మగవాడు పిలుపు ఊదడు. ఊదినా రాజేయడానికి ఎవరున్నారు. రోశయ్య గోవిని చూరులో దోపి, పొద్దు గూకాక కట్ట మీద నుంచి చప్పుడు చేయకుండా దిగి వచ్చేవాడు. అతని గుడిసెకూ మాలకొండమ్మ గుడిసెకూ మధ్య ఒక ముళ్ళకంచె. సాయంత్రమైతే పిలుపు లేని ఇళ్ళు ఆ రెండే.

రోశయ్య పట్టిన చేపల్లో నాలుగు కంచె మీద ఆకులో పెట్టిపోయేవాడు. ఆమె మరునాడు అదే కంచె మీద ఇంత పులుసు పెట్టేది. మాటలు తక్కువ. ఒకనాడు మాత్రం ఆమె కంచె దగ్గర నిలబడి పిలిచింది.

"బావా, నువ్వు గోవులు అమ్ముకోను దర్గా కాడికీ వింజమూరు సంతకూ తిరగతా ఉంటావు గదా. యాడన్నా ఇనపడితే చెప్పు."

"ఏంది ఇనపడేది?"

"ఆ చీదుడు."

రోశయ్య కంచె దగ్గరికి వచ్చాడు. ఆమే మళ్ళీ అంది. "ఉండాడని తెలిసినా సరే, లేడని తెలిసినా సరే. ఏదో ఒకటి తేలితే చాలు బావా. పొద్దు గూకేటప్పటికి అట్టా కూర్చోవడం ఇంక నా వల్ల గాదు."

రోశయ్య నేరుగా కులపెద్ద వెంకటరమణయ్య దగ్గరికి పోయాడు. ఇన్నేళ్ళయింది గదా, ఆ పిలుపు ఆపేయరాదా అని అడిగాడు. పెద్దాయన నోట్లో చుట్టను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుస్తూ అతన్ని ఎగాదిగా చూశాడు.

"గోవి లేకుండా ఏం చీల్చమంటావురా? నా తలకాయా?"

అక్కడ పుట్టింది ఆ ఆలోచన. రోశయ్య చెడ్డవాడు కాదు. మంచివాడికి కూడా ఒక్కోసారి, తనకు కావలసిందీ ఎదుటివాళ్ళకు మేలయ్యేదీ ఒకటే అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. రోశయ్య ఉండలేదు.

ఉదయగిరి కొండకు పోయి, పోలేరయ్య గోవి అంత లావూ అంత పొడవూ ఉండే వెదురు వెతికి తెచ్చాడు. నీడన ఆరబెట్టాడు. పోలేరయ్య గోవికి మూతి దగ్గర రెండు గీట్లుండేవి, అవి గీశాడు. వంటపొయ్యి పైన చూరుకు వేలాడదీసి పొగ పట్టించాడు. చేపనూనె రుద్దాడు. చెమట మరకలు పడాలని కొన్నాళ్ళు మొలలో పెట్టుకు తిరిగాడు. పైకి చూస్తే పదేళ్ళ నాటి గోవి అయింది.

చిక్కంతా మూడో బెజ్జం దగ్గర వచ్చింది. చువ్వను కొంచెం పక్కకు వంచి కాల్చాలి, అంతే. వేరే ముక్క మీద వంకరగా కాల్చి చూశాడు. ఊదితే ఏదో బొంగురుగా పలికింది గానీ అది పోలేరయ్య చీదుడు కాదు. ఇంకోటి కాల్చాడు, అదీ కాదు. చివరికి పొగ పట్టించి ఉంచిన గోవినే చేతిలోకి తీసుకున్నాడు. చువ్వ ఎర్రగా ఉంది. చెయ్యి పక్కకు వంగలేదు. తాత నాటి నుంచి నిటారుగా కాల్చడం నేర్చిన చెయ్యి నిటారుగానే కాల్చింది. ఇన్నేళ్ళలో ఆనకట్ట దగ్గర ఎవరిచేతనో బాగు చేయించుకుని ఉంటాడు, అడిగితే అట్లా చెప్పొచ్చు అని సర్దుకున్నాడు. సర్దుకున్నాక ఒకసారి ఊది చూసుకున్నాడు కూడా. ఎంత బాగా పలికిందంటే ఆ క్షణంలో, తాను చేస్తున్నది మోసం అన్న సంగతే మరిచిపోయాడు. పనిమంతుడితో వచ్చిన తంటా ఇదే. దొంగసరుకు చేసినా నాసిరకం చేయలేడు.

అనుమసముద్రంపేట దర్గాలో గంధం పండగ జరిగే రోజుల్లో, ఎప్పట్లాగే పిల్లలు ఊదుకునే చిన్న గోవులు అమ్మడానికి పోయాడు. తిరిగొచ్చి కులపెద్ద చేతిలో ఈ గోవి పెట్టాడు. ఆనకట్టలో పని చేసిన మనిషి ఒకడు మొక్కు తీర్చుకోను దర్గాకు వచ్చి, తన గోవులు చూసి ఆగాడనీ, ఇట్లాంటిదే తన దగ్గర ఒకటుందని తీసి ఇచ్చాడనీ, దాని మనిషి జ్వరంతో అక్కడే పోయాడని చెప్పాడనీ అన్నాడు. చెప్పేటప్పుడు గొంతు వణికింది. స్నేహితుడి చావు చెబుతున్నవాడికి గొంతు వణకదా మరి. అందరూ నమ్మారు.

మాలకొండమ్మ వచ్చి అంతా నిలబడి విన్నది. ఏడవలేదు. "ఆ మనిషి ఏ ఊరాయన బావా?" అని మాత్రం అడిగింది.

"అడగలే."

"అడగాల్సింది" అని వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దు వాలుతుండగా కట్ట కింద చిన్న గుంత తీశారు. గూడెమంతా చేరింది. ఆఖరి పిలుపు ఊదే పని ఎప్పుడూ గోవులు చేసే ఇంటివాడిదే. వెంకటరమణయ్య గోవిని రోశయ్యకు అందించాడు. రోశయ్య పెదవులు తడుపుకుని పోలేరయ్య పిలుపు ఊదాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ వరస వినేసరికి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొదటి సొరం, రెండో సొరం. మూడోది వచ్చింది. మిగతావాటిలాగే స్వచ్ఛంగా, నున్నగా, ఏ దోషం లేకుండా వచ్చి పోయింది.

ముసలి తిరుపాలమ్మ తల పైకెత్తింది. ఆమెకు చూపు మందం గానీ చెవులు పాముచెవులు. "అదేందిరా, ఆ చీదుడేదీ?" అంది.

ఏడ్చేవాళ్ళు ఆగిపోయారు. కులపెద్ద గోవి వైపు చూశాడు, రోశయ్య వైపు చూశాడు. రోశయ్య సిద్ధం చేసుకున్న మాట గొంతులోనే ఉంది, బయటికి రాలేదు. తల వంచుకున్నాడు. ఇక తేల్చాల్సింది పెళ్ళామే. వెంకటరమణయ్య ఆమె వైపు తిరిగాడు.

"మాలకొండా, ఇది నీ మొగుడిదేనా?"

మాలకొండమ్మ చెయ్యి చాచి గోవి తీసుకుంది. మూతి దగ్గరి గీట్లు చూసింది. బొటనవేలు మూడో బెజ్జం అంచు చుట్టూ ఒకసారి తిప్పింది. తర్వాత రోశయ్యను చూసింది. కోపంగా కాదు. కంచె మీద ఆకులో చేపలు కనిపించినప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూసింది.

"ఆయనదే. చీదుడు బాగు చేయించుకొనుంటాడు" అంది. గోవిని కులపెద్ద చేతికి తిరిగి ఇచ్చి, "చీల్చండి" అంది.

రోశయ్య తాను చెప్పాలనుకున్న అబద్ధాన్ని ఆమె నోట విని నిలువునా చచ్చాడు.

కులపెద్ద కొడవలితో గోవిని చీల్చాడు. వెదురు రెండుగా విడిపోయింది. పైన ఎంత పొగ పట్టిస్తే మాత్రం ఏం లాభం, లోపల అది నిన్నటి వెదురే, తెల్లగా, పచ్చి వాసనతో. ఎవరి కంటా పడకముందే మాలకొండమ్మ ముందుకు వంగి ఆ రెండు చీలికలనూ గుంతలో వేసి, రెండు చేతులతో గబగబా మన్ను తోసింది. అప్పుడు ఏడ్చింది. గూడెమంతా మొగుడి కోసం అనుకుంది. ఎవరి కోసమో నాకూ సరిగా తెలియదు.

విధవను చేసే తంతు జరిగింది, మైల రోజులు గడిచాయి. వానలొచ్చి చెరువు నిండింది. ఒక సాయంత్రం రోశయ్య చూరులోంచి తన గోవి తీసి, బూజు దులిపి, కట్టెక్కి ఊదాడు. భయంభయంగా కిందికి చూశాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మాలకొండమ్మ గుడిసె మీద సన్నగా పొగ లేచింది. మారుమనువుకు ఆ గూడెంలో అంతకు మించిన తంతు లేదు. ఇద్దరూ కలిసి మధ్యలో ఉన్న ముళ్ళకంచె పీకేశారు.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. రోశయ్యా అట్లాగే అనుకున్నాడు.

మాలకొండమ్మ ఏ లోటూ చేయలేదు. అతని పిలుపు రాగానే నిప్పు ఎగదోసేది, వేడిగా పెట్టేది, పక్కన కూర్చుని తినేది. కానీ ఎసరు పెట్టి గుమ్మం దగ్గరికి వచ్చి, అతను కట్ట దిగి వచ్చేస్తున్నా అతని తల మీదుగా కట్ట వైపు చూస్తూ నిలబడేది. చీకటి ముసిరిందాకా కదిలేది కాదు. రోజూ అంతే. తన ఇంట్లో, తన పొయ్యి ముందు, తన పెళ్ళాం పక్కన కూర్చుని రోశయ్య ఒంటరివాడయ్యాడు. చెంచులక్ష్మి పోయినప్పుడు కూడా అంత ఒంటరితనం అతనికి తెలియదు.

ఒకనాడు అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"నీకు తెలిసిందా ఆ పొద్దు?"

"మూడో సొరానికే తెలిసింది."

"మరి చీల్చమంటివే?"

"అలిసిపోయినాను బావా. ఎవరో ఒకరు ఆపాల. నువ్వు ఆపితివి. నా మీద ప్రేమతోనే చేసినావని తెలుసు. అందుకే నిన్ను నలుగుర్లో పట్టియ్యలే."

"ఆపేసినాము గదా. ఇంకా ఆడ నిలబడి ఏం ఇంటావు?"

ఆమె అతని వైపు చూసింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇనను. ఇంక ఇనపడదు గదా. పిలుపు ఆపేసినాము, తిరిగొచ్చినా ఆయన ఊదకూడదు. వచ్చి ఊరకే కట్ట మీద నిలబడతాడు. అందుకని చూస్తా ఉంటాను."

రోశయ్య చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పోలేరయ్య బతికున్నాడో లేదో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు. ఒకవేళ బతికే ఉంటే, సొంత ఇంటిని పిలుచుకునే హక్కు లేకుండా చేసింది మాత్రం తానే. ఆ సంగతి అతనికి అంతవరకూ తట్టలేదు.

మరునాడు చేపలబుట్ట భుజాన వేసుకుని కట్టెక్కాడు. గోవి తీశాడు. నోటి దాకా తెచ్చాడు గానీ ఊదబుద్ధి కాలేదు. పక్కన ఒకడు ఊదాడు, దిగిపోయాడు. ఇంకొకడు ఊదాడు, దిగిపోయాడు. గుడిసెల మీద పొగలు లేచాయి, ఒక్కదాని మీద తప్ప. మసకచీకటి పడింది. బుట్ట కింద పెట్టి, గోవి చేత్తో పట్టుకుని, రోశయ్య ఊరకే నిలబడి ఉన్నాడు.

కింద గుమ్మంలో మాలకొండమ్మ కనబడింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కట్ట మీదికి చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది. మరో అడుగు వేసింది. ఆ తర్వాత చీర కుచ్చెళ్ళు ఎగదోపి పరుగు మొదలుపెట్టింది. ముళ్ళూ రాళ్ళూ చూసుకోకుండా, పడుతూ లేస్తూ కట్ట ఎక్కి వస్తోంది. ఒక ఆడమనిషి తనకేసి అట్లా పరుగెత్తి రావడం రోశయ్య జన్మలో ఎప్పుడూ చూడలేదు. ఎవరి కోసం వస్తోందో తెలిసి కూడా, ఆమె దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పలేకపోయాడు.

నాలుగు అడుగుల దూరంలో ఆగింది. రొప్పుతూ అతని ముఖంలోకి చూసింది.

"నువ్వా బావా."

"నేనే."

ఆమె కాసేపు చెరువు వైపు తిరిగి నిలబడింది. పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడేసరికి గొంతు మామూలుగా ఉంది.

"ఊదకపోతివే. పొయ్యి ఇంకా రాజెయ్యలే. ఉండు, నేను కిందికి పోయినాక ఊదు."

ఆమె కట్ట దిగి గుడిసెలోకి పోయిందాకా ఆగి, రోశయ్య తన పిలుపు ఊదాడు. ప్రతి సొరమూ స్వచ్ఛంగా పలికింది. కాసేపటికి కింద పొగ లేచింది.